ప్రాగ్ నగరాన్ని రెండు రోజుల్లో తీరికగా చూడడం ఎలా

జర్మనీలో చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో ఉంటున్న తెలుగువాళ్ళకు ప్రాగ్ దగ్గర ఊరే. డ్రెస్డెన్‌లో రైలెక్కితే సుమారు రెండున్నర గంటల్లో, బెర్లిన్‌లో ఎక్కితే నాలుగు గంటల పైచిలుకులో దిగిపోవచ్చు. అయినా మనలో చాలామంది ఆ ఊరిని చూసే తీరు ఇండియా నుంచి ప్యాకేజీ టూరులో వచ్చేవాళ్ళ తీరులాగే ఉంటుంది: గడియారం ముందు ఒక ఫొటో, వంతెన మీద ఒక ఫొటో, సాయంత్రానికల్లా మరో దేశం. వీసా గడువు, సెలవులు, ఖర్చు అన్నీ వెనకనుంచి తరుముతుంటాయి కనుక వాళ్ళకు అది తప్పదు. ఇక్కడ నివాసం ఉంటున్నవాళ్ళకు ఆ తొందర లేదు. ఏ నెలలో వెళ్ళాలో, ఏ గంటకు ఎక్కడ ఉండాలో ఎంచుకునే వెసులుబాటు మనకుంది. చూడనిదేదైనా మిగిలిపోతే ఇంకో వారాంతం మళ్ళీ వెళ్ళే వీలూ ఉంది. ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకుని, శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరేలా ప్రాగ్‌ను ఎలా చూడవచ్చో ఇక్కడ వివరిస్తాను.

నెల ఎంపికతో మొదలుపెడదాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, మళ్ళీ డిసెంబరులో క్రిస్మస్ సంతల రోజుల్లో పాత ఊరు కిటకిటలాడుతుంది. నవంబరు మొదటి సగం గానీ, ఫిబ్రవరి, మార్చి నెలలు గానీ మేలని నా అభిప్రాయం. చలి ఉంటుంది, కానీ జర్మనీలో చలికాలం గడిపినవాళ్ళ ఇంట్లో దానికి తగిన కోటూ బూట్లూ ఎలాగూ ఉంటాయి. ఇబ్బందల్లా పొద్దు త్వరగా వాలిపోవడమే. నవంబరు నుంచి మార్చి వరకు ప్రాగ్ కోటలోని భవనాలను సాయంత్రం నాలుగింటికే మూసేస్తారు. మిగతా నెలల్లో ఐదింటికి మూస్తారు. కాబట్టి కోటను మధ్యాహ్నానికి వాయిదా వేయకుండా ఉదయమే పెట్టుకోవాలి. పాత ఊరి వీధులన్నీ రాళ్ళు పరిచినవి కనుక, ఏ నెలలో వెళ్ళినా మందపాటి అట్ట ఉన్న బూట్లు తప్పనిసరి.

బయలుదేరే ముందు

కాగితాల విషయంలో ఎవరికీ సందేహం మిగలకూడదు. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ కార్డు, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, రెండూ వెంట ఉంటే వేరే వీసా లేకుండానే ఇతర షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు తిరగవచ్చు. చెక్ రిపబ్లిక్ 2007 డిసెంబరు నుంచి షెంగెన్‌లో ఉంది. మిమ్మల్ని చూడడానికి వచ్చిన అమ్మానాన్నలకు జర్మనీ ఇచ్చిన షెంగెన్ విజిటర్ వీసా ఉంటే, దాని గడువు లోపల వాళ్ళూ మీతో రావచ్చు. ఇంగ్లండులోనో ఐర్లండులోనో ఉంటున్న, భారత పాస్‌పోర్టే ఉన్న చుట్టాలు అక్కడ కలుసుకుందామంటే మాత్రం వాళ్ళు విడిగా షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. కార్డు గడువు తీరి, రెన్యువల్‌కు పెట్టి, ఈలోగా తాత్కాలిక కాగితంతో నెట్టుకొస్తున్నవాళ్ళు, ఆ కాగితం మీద దేశం దాటవచ్చో లేదో మీ ఊరి విదేశీయుల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చాకే టికెట్ కొనండి.

రైలు టికెట్ విషయంలో విద్యార్థులు గుర్తుంచుకోవలసినది ఒకటుంది. డాయిష్‌లాండ్ టికెట్ జర్మనీలోని ప్రాంతీయ రైళ్ళకే పరిమితం. ప్రాగ్ వెళ్ళే దూరప్రయాణపు రైళ్ళలో అది చెల్లదు. దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు దాని మీద డ్రెస్డెన్ దాకా చేరి, అక్కడినుంచి ప్రాగ్‌కు విడిగా టికెట్ కొనుక్కోవచ్చు. అదే రైలుకు జర్మన్ రైల్వే సైటులో ఒక ధర, చెక్ రైల్వే సైటులో ఇంకో ధర కనిపించడం మామూలే కనుక, రెండూ చూసుకుని కొనండి. డ్రెస్డెన్ నుంచి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు, వచ్చేటప్పుడు కుడివైపుది తీసుకుంటే ఎల్బే నది, దాని అవతలి గట్టున నిటారుగా నిలబడ్డ ఇసుకరాతి కొండలు చాలాసేపు మీ పక్కనే సాగుతాయి. వేసవిలోనైతే వెలుగుండగా దాటే రైలు చూసుకోండి. ప్రాగ్ మీదుగా ప్రవహించే వ్లతవా నది ఎల్బేలోనే కలుస్తుంది కనుక, కిటికీలోంచి మీరు చూసే ఆ నీళ్ళలో ప్రాగ్ వంతెన కింద నుంచి వచ్చినవీ ఉంటాయి.

చెక్ రిపబ్లిక్‌లో యూరో కాదు, కొరునా చెల్లుతుంది. దుకాణాల్లో, ట్రాముల్లో, మ్యూజియంలలో కార్డుతో పని గడిచిపోతుంది. కొన్ని మరుగుదొడ్లకు, చిన్న చిన్న బడ్డీలకు చిల్లర కావాలి. ఆ కాస్త నగదు కోసం బ్యాంకు ఏటీఎం వాడండి. తెర మీద "మీ దేశపు కరెన్సీలోకి మార్చి తీసుకుంటారా" అని అడిగినప్పుడు వద్దని నొక్కి, కొరునాలలోనే తీసుకుంటే మీ బ్యాంకు రేటు పడుతుంది, సాధారణంగా అదే చౌక. పర్యాటక వీధుల్లో కమీషన్ లేదని పెద్ద అక్షరాలతో రాసిపెట్టిన మారకపు దుకాణాలు ఆ నష్టాన్ని రేటులోనే కలిపేస్తాయి. ఒకవేళ అక్కడ మార్చుకుని, రేటు అన్యాయమని తర్వాత గ్రహిస్తే, వెయ్యి యూరోల లోపు లావాదేవీని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు 2019 నుంచి అక్కడి చట్టం ఇస్తోంది. అందుకని రసీదు పారేయకండి.

బస పాత ఊరి నడిబొడ్డునే ఉండాలని పట్టుబట్టవద్దు. వినోహ్రాదీ, జిజ్‌కోవ్, కార్లీన్, హోలెషోవిత్సె పేటల్లో ట్రాము స్టాపుకు దగ్గరగా గది దొరికితే ఖర్చు తగ్గుతుంది, రాత్రి నిద్రా పడుతుంది. అర్ధరాత్రి దాటాక కూడా రాత్రి ట్రాములు నడుస్తాయి. మెట్రో, ట్రాము, బస్సు అన్నింటికీ ఒకే టికెట్. 24 గంటలది ఒకటి, 72 గంటలది ఒకటి ఉన్నాయి. రెండున్నర రోజులకు రెండోది సరిపోతుంది. కాగితం టికెట్ కొంటే, మొదటిసారి ఎక్కినప్పుడు ట్రాములోనో మెట్రో ద్వారం దగ్గరో ఉన్న చిన్న యంత్రంలో దాన్ని ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ జేబులో ఉన్నా లేనట్టే లెక్క. మామూలు దుస్తుల్లో వచ్చే తనిఖీ ఉద్యోగులు అక్కడికక్కడే జరిమానా వసూలు చేస్తారు.

ఒక్క రాజును పట్టుకుని నడవండి

ప్రాగ్‌లో చూడదగ్గ కట్టడాలు వందల్లో ఉన్నాయి. అన్నిటి చరిత్రా చదువుకుని వెళ్ళబోతే అక్కడికి చేరేసరికి ఏదీ గుర్తుండదు. ఒక్క మనిషిని ఎంచుకుని అతని వెంట నడిస్తే ఊరంతా ఒక తీరుగా అర్థమవుతుంది. ఆ మనిషి నాలుగో చార్లెస్. 1316లో ప్రాగ్‌లోనే పుట్టి, చిన్నతనం ఫ్రెంచి రాజదర్బారులో గడిపి, 1346లో బొహీమియాకు (నేటి చెక్ దేశపు ప్రధాన భాగానికి) రాజై, 1355లో పవిత్ర రోమన్ చక్రవర్తిగా కిరీటం ధరించి, 1378లో ప్రాగ్‌లోనే కన్నుమూశాడు. మీరు చూడబోయే విశ్వవిద్యాలయం, కొత్త ఊరు, వంతెన, కొండమీది కథీడ్రల్ అన్నీ ఏదో ఒక విధంగా అతని కాలంలో మొదలైనవే. 1348 ఒక్క ఏడాదిలోనే విశ్వవిద్యాలయాన్నీ కొత్త ఊరినీ స్థాపించాడు. కొత్త ఊరని పేరే గానీ దాని వయసు ఏడు వందల ఏళ్ళకు చేరువవుతోంది.

శుక్రవారం రాత్రి, ఆ కొత్త ఊళ్ళోనే

ప్రధాన రైల్వే స్టేషన్‌లో దిగి, సామాను గదిలో పెట్టి, ఓపిక ఉంటే వెన్సెస్లాస్ చౌక్‌కు నడవండి. చార్లెస్ దీన్ని గుర్రాల సంతగా వేయించాడు. సుమారు ముప్పాతిక కిలోమీటరు పొడవున్న ఈ చౌక్ పైకొసన నేషనల్ మ్యూజియం, దాని ముందు గుర్రం మీద సెయింట్ వెన్సెస్లాస్ విగ్రహం ఉంటాయి. మ్యూజియం ముందు గోడను, స్తంభాలను దగ్గరికి వెళ్ళి చూడండి. ముదురు రాతి మీద అక్కడక్కడా లేత రంగు మచ్చలు కనిపిస్తాయి. 1968 ఆగస్టులో సోవియట్ సేనలు ఊళ్ళోకి వచ్చినప్పుడు జరిపిన కాల్పుల గాయాలు అవి. ఇటీవల భవనాన్ని పూర్తిగా బాగుచేసినప్పుడు కూడా ఆ గుర్తులు కనిపించేలాగే ఉంచారు. ఆ దురాక్రమణకు నిరసనగా 1969 జనవరిలో యాన్ పలాఖ్ అనే విద్యార్థి ఇక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. మ్యూజియం ముందు నేల మీద ఉబ్బెత్తుగా ఉన్న శిలువ అతనికీ, మరుసటి నెలలో అదే దారి పట్టిన యాన్ జాయిత్స్‌కూ స్మారకం. దాని మీద కాలు పెట్టకుండా పక్కనుంచి నడవండి. 1989 నవంబరులో లక్షల జనం నిలబడి కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దింపింది కూడా ఈ చౌక్‌లోనే.

శనివారం తెల్లవారుజామున వంతెన

చార్లెస్ వంతెనను పగలు పదకొండింటికి చూడడం కంటే చూడకపోవడం నయం అనిపిస్తుంది. భుజం భుజం రాసుకుంటూ జనం కదులుతుంటారు. సూర్యోదయానికి అరగంట ముందు, పాత ఊరి వైపు బురుజు దగ్గర ఉండండి. చలికాలంలో అది సుమారు ఏడు గంటల వేళ కనుక పెద్ద కష్టమేమీ కాదు.

వంతెన ఎక్కే ముందు ఆ బురుజునే పది నిమిషాలు చూడాలి. కథీడ్రల్ కట్టిన పీటర్ పార్లర్ అనే స్థపతి పనితనం ఇది. పాత ఊరివైపు ముఖం మీద చార్లెస్, అతని కొడుకు నాలుగో వెన్సెస్లాస్ సింహాసనాల మీద కూర్చుని ఉంటారు; ఇద్దరి మధ్య సెయింట్ వైటస్ నిలబడి ఉంటాడు. వాళ్ళ చుట్టూ వెతికితే ముడివేసిన గుడ్డ మధ్య కూర్చున్న లకుముకిపిట్ట కనిపిస్తుంది, అది కొడుకు రాజచిహ్నం. ఇప్పుడు బురుజు కిందుగా దాటి, వెనక్కి తిరిగి నదివైపు ముఖం చూడండి. అక్కడ శిల్పాలు దాదాపు ఏమీ లేవు. 1648లో స్వీడన్ సైన్యం అవతలి గట్టునుంచి పాత ఊరిని ముట్టడించినప్పుడు ఫిరంగి దెబ్బలకు అవి పోయాయి. ముప్పై ఏళ్ళ యుద్ధపు ఆఖరి పోరు ఇక్కడే జరిగింది. ఆ యుద్ధం మొదలైన గదిని మరో రెండు గంటల్లో కొండమీద చూస్తారు.

ఇక్కడ ముందున్న రాతివంతెనను 1342 వరద కొట్టుకుపోయింది. కొత్తదానికి చార్లెస్ 1357లో శంకుస్థాపన చేశాడు. జ్యోతిష్కులు చెప్పిన ప్రకారం జూలై 9న ఉదయం 5 గంటల 31 నిమిషాలకు మొదటి రాయి వేశాడని ప్రాగ్‌వాసులు చెప్పుకుంటారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1, 3, 5, 7, 9, 7, 5, 3, 1 అవుతుంది. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే. ముహూర్తం చూడనిదే గడప ఎత్తని మనవాళ్ళకు ఈ కథ వెంటనే నచ్చుతుంది. వంతెన పొడవు సుమారు 516 మీటర్లు, కమానులు 16. రెండు పక్కలా ఉన్న 30 విగ్రహాల వరసలు చార్లెస్ కాలానివి కావు, చాలా మటుకు 1683 నుంచి 1714 మధ్య పెట్టినవి. ఇప్పుడున్నవాటిలో చాలావరకు నకళ్ళే, అసలు విగ్రహాలను వాన, పొగ తగలకుండా లోపల భద్రపరిచారు. అన్నిటికంటే ముందు, 1683లో పెట్టినది నెపొముక్ యాన్ విగ్రహం. 1393లో రాజు నాలుగో వెన్సెస్లాస్ ఆజ్ఞ మీద ఈ పూజారిని ఇక్కడినుంచే నదిలోకి తోయించారు. ఆ విగ్రహం పీఠం మీది కంచు పలకల్లో జనం ముట్టుకునే చోటు బంగారంలా మెరుస్తూ ఉంటుంది, మిగతాదంతా నల్లబడి ఉంటుంది.

కొండమీది కోట

వంతెన దిగి నేరుగా నడిస్తే మలోస్ట్రాన్‌స్కె నామ్యెస్తీ అనే కూడలి వస్తుంది. అక్కడ 22వ నంబరు ట్రాము ఎక్కండి. కొందరు పౌరుషానికి పోయి మెట్లదారిన ఎక్కుతారు. ఆ శక్తిని లోపల నడవడానికి దాచుకోవడం మంచిది. ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో కాక ఇంకొంచెం పైకి, పొహొర్షెలెత్స్ దాకా వెళ్ళి దిగితే కోటకు చేరే దారంతా పల్లమే. కోట ప్రాంగణంలోకి ప్రవేశం ఉచితం, ద్వారం దగ్గర భద్రతా తనిఖీ మాత్రం ఉంటుంది. భవనాలకు టికెట్ తీసుకోవాలి, అవి తొమ్మిదింటికి తెరుస్తారు. ఎనిమిదిన్నరకే తనిఖీ దాటి లోపల ఉంటే, బస్సుల జనం రాకముందే కథీడ్రల్ గుమ్మం ముందుంటారు. ఇక్కడికి శనివారమే రమ్మనడానికి కారణం ఉంది. ఆదివారం ఉదయం ప్రార్థనలు జరుగుతాయి కనుక కథీడ్రల్‌లోకి సందర్శకులను మధ్యాహ్నం పన్నెండు దాటాకే అనుమతిస్తారు. యూదుల పేటలోని కట్టడాలు శనివారమంతా మూసి ఉంటాయి, ఆదివారం ఉదయం తెరుస్తారు. ఈ రెండింటి వరస తారుమారు చేసుకున్నవాళ్ళు రెండుచోట్లా మూసిన తలుపులు చూసి వెనుదిరుగుతారు.

సెయింట్ వైటస్ కథీడ్రల్‌కు 1344లో పునాది పడింది. మొదటి స్థపతి, ఫ్రెంచివాడైన మథియాస్, 1352లో చనిపోయాడు. ఆ తర్వాత చార్లెస్ ఈ పనిని ఇరవై మూడేళ్ళ పీటర్ పార్లర్ చేతిలో పెట్టాడు. పదిహేనో శతాబ్దంలో మతం పేరిట జరిగిన హుస్సైట్ యుద్ధాలతో పని ఆగిపోయి, సగం కట్టడంగా వందల ఏళ్ళు నిలబడిపోయి, చివరికి 1929లో పూర్తయింది. కాబట్టి పడమటి గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టగానే కనిపించే భాగం పంతొమ్మిది, ఇరవయ్యో శతాబ్దాలది. ముందుకు నడుస్తున్నకొద్దీ పద్నాలుగో శతాబ్దంలోకి వెళతారు. తల పైకెత్తి ఆ పాత భాగంలో కప్పును చూస్తే, రాతి పక్కటెముకలు వలలాగా ఒకదాన్నొకటి దాటుకుంటూ అల్లుకుని ఉంటాయి. ఆ అల్లిక పార్లర్ చేసిన కొత్త ప్రయోగం. కుడివైపున సెయింట్ వెన్సెస్లాస్ గది. దాని గోడల కింది భాగమంతా చార్లెస్ పొదిగించిన రంగురాళ్ళు, బంగారు పూత. లోపలికి పోనివ్వరు, గుమ్మంలోంచే చూడాలి. కాబట్టి తొమ్మిదింటికే రావడం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఆ గదిలోంచి వెళ్ళే తలుపు వెనక బొహీమియా కిరీటం ఉంది. దానికి ఏడు తాళాలు, ఆ ఏడు తాళపుచెవులు ఏడుగురు వేర్వేరు పదవుల్లో ఉన్నవాళ్ళ దగ్గర ఉంటాయి. చార్లెస్ సమాధి కూడా ఈ కథీడ్రల్ కిందే ఉంది.

బయటికి వచ్చి దక్షిణపు గోడ ముందు నిలబడండి. మూడు కమానుల ద్వారం పైన గాజు ముక్కలతో చేసిన తుదితీర్పు చిత్రం ఉంది. చార్లెస్ 1370, 1371లలో ఇటలీ కళాకారులతో చేయించినది ఇది. మధ్యలో క్రీస్తు, కింద మోకరిల్లి చార్లెస్, అతని భార్య. ఈ గాజులో పొటాషియం ఎక్కువ కనుక వానకూ తేమకూ దాని పైపొర తెల్లబారి పుచ్చిపోయేది, ఎన్నిసార్లు తుడిచినా కొన్నేళ్ళకే చిత్రం కనుమరుగయ్యేది. 1990లలో ఏళ్ళ తరబడి శుభ్రం చేసి, రక్షక పూత వేశాక ఇప్పుడు రంగులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. దీనికి టికెట్ అక్కర్లేదు. చాలామంది దీనికి వీపు పెట్టి ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు మాత్రం దీనివైపు తిరిగి ఓ ఐదు నిమిషాలు చూడండి.

పక్కనే పాత రాజభవనం. అందులోని వ్లాదిస్లావ్ హాలు 1502 నాటికి పూర్తయింది. గుర్రాల మీద కూర్చున్న యోధులు లోపలికి వచ్చి పోటీలు ఆడేందుకు వీలుగా కట్టిన వెడల్పాటి వాలుమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ హాలు పక్కగదిలోని కిటికీలోంచి 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు ఇద్దరు రాజప్రతినిధులను, వాళ్ళ గుమాస్తాను కిందికి విసిరేశారు. ముగ్గురూ బతికారు, కానీ ఆ గొడవే ముదిరి ముప్పై ఏళ్ళ యుద్ధమైంది. కోటలో మిగిలినవాటిలో సెయింట్ జార్జ్ బాసిలికా చూడదగ్గది. బంగారు సందులో 22వ నంబరు ఇంట్లో రచయిత కాఫ్కా 1916, 1917 ప్రాంతంలో కూర్చుని రాసుకున్నాడు, అయితే ఆ సందు ఎప్పుడూ ఇరుకే. మధ్యాహ్నం పన్నెండింటికి మొదటి ప్రాంగణంలో బాజాలతో కాపలా మార్పిడి జరుగుతుంది. అప్పుడు అందరూ అటు పరిగెడతారు కనుక, కథీడ్రల్ ఇంకోసారి చూడాలనుకుంటే అదే అదను.

గడియారం దగ్గర సాయంత్రం

పాత ఊరి చౌక్‌లోని ఖగోళ గడియారం 1410 నాటిది. దీన్ని చేసినది హనుష్ అనే పనివాడని, ఇలాంటిది మరొకటి చేయకుండా అతని కళ్ళు పొడిపించారని వందల ఏళ్ళు నమ్మారు. అది కట్టుకథ. చేసినవాడు కాదాన్‌కు చెందిన మికులాష్, లెక్కలు కట్టినవాడు విశ్వవిద్యాలయపు పండితుడు యాన్ షిందెల్ అని నమ్ముతున్నారు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పదకొండు వరకు ప్రతి గంటకూ పైన రెండు కిటికీలు తెరుచుకుని అపొస్తలులు నడిచి వెళతారు, పక్కనున్న అస్థిపంజరం గంట లాగుతుంది, చివర్లో బంగారు కోడి కూస్తుంది. అంతా నిమిషంలోపే. దానికోసం ముందు అరగంట నిలబడడం దండగ. గంట కొట్టి జనం చెదిరిపోయాక వెళ్ళి, పలకను చదవడం నేర్చుకోండి.

పలక మధ్యలో భూమి. నీలం భాగం పగలు, నల్లనిది రాత్రి, మధ్యలో ఎర్రమట్టి రంగు సంధ్యలు. పక్కకు జరిగి తిరిగే చిన్న వలయం మీద పన్నెండు రాశులు ఉంటాయి. బంగారు సూర్యుడు ఆ వలయం మీద ఎక్కడ ఉన్నాడో చూస్తే ఏ రాశిలో ఉన్నాడో తెలుస్తుంది. అయితే అవి సాయన రాశులు కనుక మన పంచాంగంలోని సూర్యుడికి ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంటుంది. రోమన్ అంకెల వలయం మామూలు గంటలు చూపిస్తుంది. అన్నిటికంటే బయట, నలుపు మీద బంగారు అంకెలతో ఉన్న వలయం పాత చెక్ కాలమానం, అందులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందుకే ఏడాది పొడవునా ఆ వలయం అటూఇటూ జరుగుతుంది. నీలం భాగంలోని వంపు గీతలు సూర్యోదయం నుంచి అస్తమయం వరకు ఉన్న సమయాన్ని పన్నెండు భాగాలు చేస్తాయి, కనుక వేసవిలో ఆ గంట పెద్దది, చలికాలంలో చిన్నది. మనం రాహుకాలం లెక్కకు పగటిని ఎనిమిది భాగాలు చేసే పద్ధతి తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. చంద్రుడు సగం వెండి, సగం నలుపు పూసిన చిన్న గోళం. ఆ రాత్రి ఆకాశంలో ఉన్న చంద్రకళనే చూపిస్తుంది. నాకు ప్రాగ్‌లో అన్నిటికంటే ఇష్టమైన వస్తువు ఇదే.

గడియారపు గోడ మూలకు తిరిగితే నేల మీద 27 తెల్లని శిలువలు కనిపిస్తాయి. కోట కిటికీ దగ్గర మొదలైన తిరుగుబాటు ఓడిపోయాక, 1621 జూన్ 21న దాని నాయకులు 27 మందిని ఇక్కడ చంపించారు. ఎదురుగా జంట శిఖరాల తీన్ చర్చి. డెన్మార్క్ ఖగోళశాస్త్రవేత్త టైకో బ్రాహే 1601లో ప్రాగ్‌లో మరణించాక అతన్ని అందులో సమాధి చేశారు. అతని లెక్కలు పట్టుకునే కెప్లర్ ఈ ఊళ్ళో కూర్చుని గ్రహగతుల మొదటి రెండు సూత్రాలు కనిపెట్టి, 1609లో ప్రచురించాడు.

తిండి

శాకాహారులు ముందుగా జాగ్రత్త పడాలి, ఎందుకంటే చెక్ వంట మాంసం చుట్టూ తిరుగుతుంది. మెనూలో "బెజ్‌మసా యీద్లా" అన్న శీర్షిక కింద మాంసం లేని వంటకాలుంటాయి. ఎక్కడైనా దొరికేది స్మాజెనీ సీర్, అంటే రొట్టెపొడి అద్ది వేయించిన చీజ్, బంగాళాదుంపలతో ఇస్తారు. పండు లోపల పెట్టి ఉడికించిన ఒవోత్స్‌నె క్నెద్లీకి తియ్యగా ఉంటాయి గానీ అదే భోజనంగా తినేస్తారు. బంగాళాదుంపల సూపు బ్రాంబొరాచ్కా బాగుంటుంది, కానీ అందులో పందికొవ్వు గానీ మాంసపు రసం గానీ పడే అవకాశం ఉంది కనుక అడిగి తీసుకోండి. గుర్తుంచుకోవలసిన పేర్లు ఇవి: హోవ్యెజీ అంటే గొడ్డుమాంసం, వెప్‌ర్షోవె, షుంకా, స్లానినా మూడూ పందిమాంసం రకాలు, సాద్లో పందికొవ్వు, కుర్షెత్సీ కోడిమాంసం. గొడ్డుమాంసం ముట్టనివాళ్ళకు మొదటి మాట చాలా ముఖ్యం. అడగడానికి ముందు "దొబ్రీ దెన్" అని పలకరిస్తే, వడ్డించేవాళ్ళు ఓపికగా చెబుతారు. పాత ఊరి సందుల్లో కనిపించే త్ర్దెల్నీక్ అనే గొట్టం ఆకారపు తీపి రొట్టె ప్రాగ్ సంప్రదాయ వంటకం కాదు, ఇటీవల పర్యాటకుల కోసం వచ్చినది, తినాలనిపిస్తే తినండి.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళినప్పుడు

అమ్మానాన్నలు వెంట ఉంటే ఇదే క్రమాన్ని సగానికి తగ్గించండి. కథీడ్రల్ గోపురానికి 287 మెట్లు, వంతెన బురుజుకు 138 మెట్లు. రెండూ మానేసి, పాత ఊరి టౌన్‌హాల్ గోపురానికి తీసుకెళ్ళండి, అక్కడ లిఫ్టు ఉంది, ఊరంతా అక్కడినుంచే కనిపిస్తుంది. కోటకు ట్రాములో వెళ్ళి, వచ్చేటప్పుడూ మెట్ల మీదుగా దిగకుండా ట్రాములోనే రండి. మధ్యాహ్నం రెండు గంటలు గదిలో నడుం వాల్చే వీలుండాలి కనుక వాళ్ళతో వెళ్ళినప్పుడు మాత్రం బస కాస్త ఖరీదైనా దగ్గరగా తీసుకోవడం మంచిది.

ఆదివారం

యూదుల పేట యోసెఫోవ్‌కు తొమ్మిదింటికే వెళ్ళండి. ఒకే టికెట్ మీద పలు కట్టడాలున్నా, తీరిక ఉంచుకోవలసినవి రెండు. పింకస్ ప్రార్థనాలయం లోపలి గోడల మీద, నాజీలు చంపిన చెక్ దేశపు యూదులు దాదాపు 80 వేల మంది పేర్లు చేత్తో రాసి ఉన్నాయి. కుటుంబాల వారీగా, పుట్టిన తేదీలతో, చివరి కబురు తెలిసిన తేదీలతో. మేడ మీద తెరెజీన్ నిర్బంధంలో పిల్లలు గీసిన బొమ్మలున్నాయి. ఇక్కడ మాటలు, ఫోన్లు కట్టిపెట్టండి. పిల్లలను తీసుకెళితే ముందురోజే వాళ్ళకు అర్థమయ్యేంత మేరకు చెప్పి ఉంచండి. దాని పక్కనే పాత శ్మశానం, 1439 నుంచి 1787 వరకు వాడినది. పేటకు బయట స్థలం ఇవ్వలేదు కనుక పాత సమాధుల మీదే మట్టి పోసి కొత్తవి పెట్టుకుంటూ పోయారు. అందుకే సుమారు 12 వేల రాళ్ళు ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. కొన్ని రాళ్ళ మీద సందర్శకులు పెట్టిన చిన్న గులకరాళ్ళు ఉంటాయి, వాటిని కదపకండి. దగ్గరలోని పాత-కొత్త ప్రార్థనాలయం పదమూడో శతాబ్దపు కట్టడం, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. మగవాళ్ళు తల కప్పుకుని వెళ్ళాలి.

మధ్యాహ్న భోజనం అయ్యాక సామాను ప్రధాన స్టేషన్ లాకర్లలో పెట్టి, మెట్రో సి లైనులో విషెహ్రాద్‌కు వెళ్ళండి. నది పక్కన ఎత్తుగా ఉన్న ఈ పాత దుర్గానికి రద్దీ చాలా తక్కువ. పట్టాభిషేకానికి ముందురోజు రాజు ఇక్కడినుంచి ఊరేగింపుగా బయలుదేరి కోటకు చేరాలని నిబంధన పెట్టినవాడు చార్లెసే. రాతి బురుజు గోడల వెంట నడిస్తే, శనివారం మీరు తిరిగిన కోట, కథీడ్రల్ నదికి అవతల దూరంగా కనిపిస్తాయి. పదకొండో శతాబ్దపు గుండ్రటి సెయింట్ మార్టిన్ చర్చి, ద్వోర్జాక్, స్మెతనా వంటి సంగీతకారుల సమాధులున్న శ్మశానం ఇక్కడే ఉన్నాయి. ఈ రెండు చోట్లకూ గంటన్నర చాలు. రైలుకు గంట ముందుగా బయలుదేరండి. అదే మెట్రో లైనులో స్టేషన్ మూడో స్టాపు.

తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు సూట్‌కేసు అడుగున కాక చేతిసంచిలో పెట్టుకోండి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నింటి దగ్గర తనిఖీలు మొదలుపెట్టింది. పోలీసులు రైలెక్కి పెట్టె పెట్టెకూ వచ్చి కాగితాలు అడగవచ్చు. ఫోన్‌లోని ఫొటో చూపిస్తే సరిపోదు, అసలు కార్డే కావాలి. విజిటర్ వీసా మీద ఉన్న అమ్మానాన్నలకైతే వీసా అతికించిన పాస్‌పోర్టుతో పాటు, మీ చిరునామా, వాళ్ళ ఇన్సూరెన్స్ కాగితం ఒక కవరులో పెట్టి వాళ్ళ చేతికే ఇవ్వండి. తనిఖీ జరిగే వేళకు మీరు కాఫీకో మరోదానికో వేరే పెట్టెలో ఉన్నా వాళ్ళు కంగారుపడరు.